ఇసుకలో కిలోమీటరు

(అనంతపురంలో ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి రాత రూపం)

మైకు కొంచెం కిందికి దించు నాయనా. ఆఁ, చాలు.

అందరికీ నమస్కారం. చిన్న బడుల గురించి మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్ళు ఈ జిల్లాలోనే పాఠాలు చెప్పాను కాబట్టి మన బడుల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. అవి మీకు నాకంటే బాగా తెలుసు. నేను ఈరోజు వేరే చోటికి తీసుకుపోతాను.

"దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మన అనంతపురంలోనే" అని అందరూ అనే మాటనే, నిజమో కాదో చూడకుండా, ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్క లేదు. ఏ పిల్లాడైనా లేచి, "సార్, మరి ఆ జైసల్మేర్ ఎట్లుంటాది?" అని అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఎవరూ అడగలేదు, బతికిపోయాను. (నవ్వులు) రిటైరయ్యాక ఆ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా అల్లుడు ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేస్తాడు. రాజస్థాన్‌లోని ఆ జైసల్మేర్‌కే బదిలీ అయింది. అమ్మాయికి తోడుగా మా ఆవిడా నేనూ 2021 చివరి నుంచి వరసగా మూడు చలికాలాలు, మధ్యలో ఒక ఎండాకాలం అక్కడే ఉన్నాం.

ముందు ఆ జిల్లా ఎంతో చెబుతాను. 38,401 చదరపు కిలోమీటర్లు. దాదాపు కేరళంత. మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు రెట్టింపు. 2011 లెక్కల ప్రకారం జనం ఆరు లక్షల డెబ్భై వేలు, అంటే మన జిల్లా జనంలో ఆరో వంతు. చదరపు కిలోమీటరుకు 17 మంది. వాన ఏడాదికి రెండు వందల మిల్లీమీటర్లు కూడా నమ్మకం లేదు. మనం 550 పడే చోట కూర్చుని కరువు కరువు అంటాం. అనకూడదని కాదు. అక్కడికి పోయాక నా గొంతు కొంచెం తగ్గింది, అంతే.

ఇంత నేలలో ఇంత తక్కువ మంది ఉంటే ఊరు మనకు తెలిసిన ఊరులా ఉండదు. ఢాణీ అంటారు. ఒకే వంశం వాళ్ళో, ఒకే కులం వాళ్ళో పది పదిహేను ఇళ్ళుగా తమ పొలాల్లోనే ఉంటారు. ఇంకో ఢాణీ కావాలంటే ఇసుక దాటి పోవాలి. రెవెన్యూ కాగితంలో ఇవన్నీ కలిపి ఒక ఊరు. కాగితం మీద ఊరికి ఒక బడి ఉంది కదా అంటారు. నిజమే, ఉంది.

మేం ఉన్న ఎయిర్‌ఫోర్స్ క్యాంపస్‌లో మొక్కలకు నీళ్ళు పట్టే మనిషి ఒకాయన, నేను పంతులునని తెలిసి, "మా ఢాణీలో బడి చూద్దురు రండి" అని పిలిచాడు. సమ్ అనే ఊరికి వెళ్ళే తారురోడ్డు వదిలి పక్కకు పోవాలి. పేరు చెప్పను. చెబితే మన వాట్సాప్ వీరులు రేపటికల్లా ఫోటోలు వెతుకుతారు. పందొమ్మిది ఇళ్ళు. చివర బడి. రెండు గదులు, ఒక వరండా, అంతా పసుపు రాయి. అక్కడ పేదవాడి ఇల్లయినా ఆ రాయే, ఇక్కడ మనకు బండల్లాగా. బడి ముందు ఒక చెట్టు. దగ్గరకు పోయి చూసి ఆకు తుంచాను. జమ్మి! దసరాకు మనం బంగారమని పంచుకునే జమ్మి. వాళ్ళు ఖేజ్‌డీ అంటారు. రాజస్థాన్‌కు రాష్ట్ర వృక్షం అదే, తెలంగాణకూ అదే. ఆ కాయల్ని ఎండబెట్టి ఏడాది పొడుగునా కూర వండుకుంటారు, సాంగ్రీ అని. ఎండాకాలంలో మరేదీ లేనప్పుడు మేకలకు ఆ ఆకే మేత. నేను యాభై ఏళ్ళుగా ఆ చెట్టుకు దండం పెడుతున్నాను గానీ, దాని కాయ తింటారని తెలియదు.

బళ్ళో ఆరోజు ఇరవై మూడు మంది పిల్లలు, ఒక టీచరు. అక్కడ మగ టీచర్ని మార్‌సాబ్ అంటారు. మాస్టర్ సాహెబ్ అరిగి అరిగి అట్లా అయింది. ఈయన ఝున్‌ఝునూ వైపు కుర్రాడు. రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాడు. పరిచయమైన ఐదు నిమిషాలకే బదిలీ దరఖాస్తు సంగతి చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. మన దగ్గర మారుమూల మండలాల్లో చేరిన ప్రతి కుర్ర పంతులూ మొదట చెప్పేది అదే.

ఇక కిలోమీటరు సంగతి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని నియమాల్లో ఉంది, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలి, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు అని. మంచి నియమం. మనమంతా దానికోసం ధర్నాలు కూడా చేశాం. ఆ బడికి పక్క ఢాణీ నుంచి ఆరుగురు పిల్లలు వస్తారు. దూరమెంత అని అడిగితే, కిలోమీటరే అన్నాడు మార్‌సాబ్. రిజిస్టర్లోనూ అదే ఉంది. సాయంత్రం ఆ పిల్లలతో కలిసి నడుస్తానన్నాను. చెప్పులతోనే బయలుదేరాను. పది అడుగులకు చెప్పు నిండా ఇసుక. విప్పి చేతిలో పట్టుకున్నాను. అడుగు వేస్తే అడుగులో సగం వెనక్కి జారుతుంది. అడ్డంగా ఒక దిబ్బ. దాన్ని ఎక్కి దిగాలి, లేదా చుట్టూ తిరిగి పోవాలి. నాకు నలభై నిమిషాలు పట్టింది. పిల్లలు నాకోసం ఆగుతూ, నవ్వుతూ, నా సంచీ కూడా వాళ్ళే మోశారు. అది డిసెంబరు. మే నెలలో ఆ ఇసుక మీద కాలు పెట్టి చూశాను తర్వాత. పెట్టి తీసేశాను.

పైగా దిబ్బ ఒకచోట ఉండదు. గాలికి జరుగుతుంది. పోయినేడు ఉన్న దారి ఈయేడు ఉండదు. ఆంధీ లేచిందంటే, అంటే దుమ్ముగాలి, పట్టపగలు ఎదుటి మనిషి కనపడడు. అందుకని ఆ ఢాణీ వాళ్ళు దారి పొడుగునా ఉన్న జమ్మి చెట్లకు పాత ఓఢనీల, అంటే ఆడవాళ్ళు తల మీద కప్పుకునే గుడ్డల, పీలికలు కట్టి ఉంచారు, పిల్లలు గుర్తుపట్టడానికి. అధికారి జీపులో వచ్చి ఓడోమీటరు చూసి కిలోమీటరని రాసుకుపోతాడు. ఆయన తప్పేమీ లేదు, అది కిలోమీటరే.

బడికి మొదటి అవసరం పాఠం కాదక్కడ, నీళ్ళు. బడి పక్కన నేలలో గుండ్రంగా ఒక తొట్టి తవ్వి, గచ్చు చేసి, పైన మూత వేసి ఉంది. తాంకా అంటారు. చుట్టూ నేలను కొంచెం వాలుగా చదును చేసి ఉంచుతారు, దాన్ని ఆగోర్ అంటారు. వాన పడితే ఆ వాలంతా జారి నీళ్ళు తాంకాలో చేరతాయి. ఆగోర్ మీద చెప్పులతో నడవకూడదు, మేకల్ని తోలకూడదు. నేను తెలియక చెప్పులతో పోయాను. రెండో తరగతి పిల్ల ఒకతి నా ముందుకొచ్చి నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు, నా కాళ్ళ వైపు చూసింది. విప్పేశాను. నా సర్వీసులో ఏ డీఈఓ ముందూ అంత తొందరగా కదల్లేదు. (నవ్వులు) నెయ్యి ఒలికితే పోయేదేం లేదు, నీళ్ళు ఒలికితే ప్రాణం రగులుతుంది అని వాళ్ళ సామెత. వాన పడని ఏడు తాంకా ఎండుతుంది. ట్యాంకరు రావాలి. ట్యాంకరు రాని రోజు అన్నం లేదు. అన్నం లేని రోజు పిల్లలు సగం.

అన్నమంటే గుర్తొచ్చింది. ఈ మధ్యాహ్న భోజనానికి రాజస్థాన్‌తో ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. 2001లో అక్కడ కరువు. గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది, పక్క ఊళ్ళలో మనుషులు పస్తులున్నారు. అక్కడి పౌరహక్కుల వాళ్ళు సుప్రీంకోర్టుకు పోయారు. 2001 నవంబరు 28న కోర్టు, బళ్ళలో వండిన భోజనమే పెట్టాలని చెప్పింది. అంతకుముందు నెలకింత అని గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు, మీకు గుర్తుంది కదా, మూడు కిలోల బియ్యం. రాజస్థాన్ 2002లో మొదలుపెట్టింది. మొదట్లో ఏం పెట్టారో తెలుసా? ఘూఘరీ. గోధుమలు ఉడకబెట్టి బెల్లం కలిపి. ఆ పేరు వినగానే నాకు మన గుగ్గిళ్ళు గుర్తొచ్చాయి. ఏళ్ళ తరబడి రోజూ అదే పెడితే పిల్లలు మొహం తిప్పేశారు, తర్వాత రొట్టె, పప్పు వచ్చాయి. కానీ ఆ గుగ్గిళ్ళతోనే బడికి అలవాటుపడ్డ తల్లులు ఇప్పుడు ఆ ఢాణీలో ఉన్నారు. "చదువేమీ గుర్తులేదు మార్‌సాబ్, ఘూఘరీ గుర్తుంది" అని ఒకావిడ నాతోనే అంది.

మా తెలుగు పంతుళ్ళకు నచ్చే సంగతి ఇంకోటి. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది హిందీ కాదు. మార్వాడీలో అక్కడి యాస. పిల్లల్ని టాబర్ అంటారు. ఎక్కడ అనడానికి కఠై. బళ్ళో పుస్తకం హిందీ. వాళ్ళ భాషకు రాజ్యాంగంలో ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. 2003 ఆగస్టులో వాళ్ళ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసి పంపింది, ఇంకా రాలేదు. సరే, పుస్తకం తెరిస్తే, "క సే కమల్". తామర పువ్వు! "మ సే మఛ్‌లీ". చేప! "న సే నల్". కుళాయి! తాంకా మూత తీస్తే గానీ నీళ్ళు చూడని పిల్లకు తామరపువ్వు బొమ్మ చూపించి ఇదేమిటి అంటే ఏం చెబుతుంది? ఒక పిల్ల చెప్పింది కూడా, అది ఉల్లిగడ్డ అని. నాకైతే ఆ జవాబుకు ఫుల్ మార్కులు వేయాలనిపించింది. బొమ్మ నిజంగానే ఉల్లిగడ్డలా ఉంది. (నవ్వులు)

గోడ మీద మాత్రం వేరే అక్షరమాల ఉంది. సున్నం మీద బొగ్గుతో రాసింది. ఖ కు ఖేజ్‌డీ, మ కు మట్కీ, అంటే కుండ. ఊ కు ఊంట్, ఒంటె. ఎవరు రాశారని అడిగితే వరండాలో కూర్చున్న ముసలాయన్ని చూపించారు. తెల్లటి మీసాలు, తలకు పాగా, నడుముకు బడి తాళంచెవులు. ఆయన శిక్షాకర్మి.

ఈ మాట మీలో చిన్నవాళ్ళు విని ఉండరు. దీని కథ తిలోనియాలో మొదలైంది, అజ్మీర్ జిల్లా. 1975లో అక్కడి స్వచ్ఛంద సంస్థ వాళ్ళు సిలోరా బ్లాకులో మూడు ఊళ్ళలో ఒక ప్రయత్నం చేశారు. పట్నం నుంచి నియమించిన టీచరు రావడం లేదు, వచ్చినా ఉండడం లేదు. అయితే ఆ ఊరి మనిషికే నేర్పించి, ఆయన చేతే చెప్పిద్దాం అని. పగలు మేకలు కాసే పిల్లలకు రాత్రి బడి పెట్టారు, లాంతరు వెలుగులో. అది చూసి 1987లో రాజస్థాన్ ప్రభుత్వం స్వీడన్ సాయంతో శిక్షాకర్మి పథకం పెట్టింది. మగవాళ్ళకు ఎనిమిదో తరగతి, ఆడవాళ్ళకు ఐదో తరగతి పాసైతే చాలు. సెలవుల్లో శిక్షణ ఇస్తూ పోతారు.

నిజం ఒప్పుకోవాలి కదా. నేను యూనియన్‌లో పనిచేసినవాణ్ణి. విద్యా వలంటీర్లు వద్దని, అర్హత ఉన్న టీచర్లనే వేయాలని ఇదే ఊళ్ళో టవర్‌క్లాక్ దగ్గర గొంతు పోయేలా అరిచినవాణ్ణి. ఎనిమిదో తరగతి చదివిన పంతులంటే నాకు మొదట చిరాకేసింది. ఆయన పక్కన నాలుగు రోజులు కూర్చున్నాను. కరువొస్తే ఆ ఢాణీలో సగం ఇళ్ళు పశువుల్ని తోలుకుని నీళ్ళున్న చోటికి పోతాయి, మనవాళ్ళు బెంగళూరు పోయినట్టు. పిల్లలూ పోతారు. నలభై అయిదు రోజులు రాకపోతే పేరు కొట్టేయమని ఎవరో చెప్పారట. ఈయన కొట్టేయలేదు. మళ్ళీ వస్తారు, ఎక్కడికి పోతారు, మా పిల్లలే కదా అన్నాడు. ఎవరి ఇంట్లో ఎవరు తాగుతారో, ఏ పిల్లకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయో ఆయనకు తెలుసు. ఆడపిల్ల బడి మానితే ఆ తండ్రి ఇంటి ముందు పోయి కూర్చుంటాడు. మాట్లాడడు. టీ ఇస్తే తాగడు. ఆ ప్రాంతంలో అది చాలా పెద్ద అవమానం. మూడో రోజుకు పిల్ల బళ్ళో ఉంటుంది. మన బీఈడీ సిలబస్‌లో ఈ పద్ధతి లేదు.

అట్లాగని ఆయన్ని మహాత్ముణ్ణి చేసి ఆ పథకానికి జేజేలు కొట్టను. చాలా ఏళ్ళు ఆయన తీసుకున్న జీతం వింటే సిగ్గేస్తుంది. ఆయన లెక్కలు భాగాహారం దగ్గర ఆగిపోతాయి, ఆ సంగతి ఆయనే చెప్పాడు. చవగ్గా దొరికాడు కాబట్టి ప్రభుత్వం వాడుకుంది, అదీ నిజం. ఆ ఝున్‌ఝునూ కుర్రాడికి భిన్నాలు వచ్చు, ఢాణీ రాదు. ఈయనకు ఢాణీ వచ్చు, భిన్నాలు రావు. ఇద్దరూ ఒకే వరండాలో ఉన్న ఆ కొన్నాళ్ళు మాత్రం అది నేను చూసిన మంచి బడుల్లో ఒకటి. ముసలాయన అప్పటికే విరమణ అయ్యాడు, తాళం తీయడానికని వచ్చి సాయంత్రం దాకా ఉండేవాడు. తాళంచెవి ఇచ్చేయమని ఎవరూ అడగలేదట.

కరోనా సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. 2021లో పక్క జిల్లా బాడ్మేర్‌లో, భీమ్‌డా అనే చోట ప్రభుత్వ బడి టీచర్లు ఒంటెల మీద ఇళ్ళకు పోయి పాఠాలు చెప్పారు. పేపర్లలో ఫోటోలొచ్చాయి, మీరూ చూసే ఉంటారు. అందరూ ముచ్చటపడ్డారు. నెట్‌వర్క్ లేదు కాబట్టి ఒంటె ఎక్కారు. ఫోటో కింద ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంది.

ఐదో తరగతి దాకా ఎట్లాగో గడుస్తుంది. ఆ తర్వాతే అసలు కష్టం. 2011లో ఆ జిల్లాలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి నలభై కూడా లేరు, 39.7. మగవాళ్ళు 72. ఎనిమిది అయ్యాక తొమ్మిదికి ఏడు కిలోమీటర్లు పోవాలి ఆ ఢాణీ నుంచి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రాజస్థాన్ ప్రభుత్వం సైకిలు ఇస్తుంది. మంచిదే. ఆ సైకిలు రంగు గురించి అక్కడ పెద్ద రాజకీయం. ఒక ప్రభుత్వం వస్తే కాషాయం, ఇంకోటి వస్తే నలుపు, మళ్ళీ కాషాయం. మన దగ్గర బడి గోడల రంగుల గురించి నేనేమీ అనను. (నవ్వులు) రంగు ఏదైనా సైకిలు ఇసుకలో నడవదు. ఒక ఇంట్లో చూశాను, కొత్త సైకిలు, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దాన్ని నిట్టాడికి ఆనించి గొర్రెపిల్లను కట్టేశారు. ఆ అమ్మాయి తారురోడ్డు దాకా రెండు కిలోమీటర్లు సైకిలును తోసుకుంటూ పోయి, అక్కడ ఎక్కేదట. నెల రోజులు పోయింది. మానేసింది. దానికి పదిహేనేళ్ళు. నేను అడిగితే "థక్ గయీ" అంది, అలిసిపోయానని. ఆ తండ్రిని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అక్కడికి దగ్గర్లోనే కనోయీ అనే ఊరుంది. అక్కడ రాజకుమారి రత్నావతి బాలికల బడి అని 2021లో తెరిచారు. దాన్ని చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తున్నారు. డయానా కెలాగ్ అనే అమెరికా ఆర్కిటెక్టు గీసింది, కట్టింది అక్కడి రాతి పనివాళ్ళే. కోడిగుడ్డు ఆకారంలో, ఇసుకలోంచి మొలిచినట్టుంటుంది. ఏసీ లేదు. రాతి జాలీల్లోంచి గాలి తిరుగుతుంది, లోపలి గోడలకు సున్నం. మధ్యలో పెద్ద ముంగిలి, వాన పడితే నీళ్ళు కిందికి చేరతాయి. అదే తాంకా లెక్క, పెద్దది. పైన సోలార్ పలకలు. నాలుగు వందల మంది ఆడపిల్లలకు సరిపోతుంది. యూనిఫాం కుట్టింది సబ్యసాచి, మన సినిమావాళ్ళ పెళ్ళిబట్టలు కుడతాడే, ఆయనే. నేను పోయిన రోజు బయట బాగా ఎండ. లోపల గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది. రేకుల కప్పు కింద ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అది గొప్ప బడి, వంక పెట్టను. కానీ ఒక్కటే. మా ఢాణీ పిల్ల అక్కడికి చేరాలంటే మళ్ళీ ఆ తారురోడ్డు దాకా రావాలి.

2014లో రాజస్థాన్‌లో దాదాపు 17 వేల బడుల్ని పక్క బడుల్లో కలిపేశారు. పిల్లలు తక్కువ, టీచర్లు చాలరు, కలిపితే అన్ని తరగతులకూ టీచరు దొరుకుతాడు అన్నారు. ఆ వాదనలో బలం లేదని చెప్పను. ఏకోపాధ్యాయ పాఠశాల నడిపినవాడికి ఆ బాధ తెలుసు. 2022లో మన రాష్ట్రంలో 117 జీవో ఇచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూలుకు పంపినప్పుడు మనం ఏమేం మాట్లాడామో ఇక్కడ అందరికీ గుర్తుంది. అప్పుడూ మ్యాపు మీద కిలోమీటరే. మధ్యలో హైవే ఉందా, వంక ఉందా అని మ్యాపు అడగదు. మన పిల్లలకు వంక. వాళ్ళకు దిబ్బ.

మా ఢాణీ బడి ఆ 2014లో ఎట్లాగో తప్పించుకుంది. ప్రతి ఏడూ జూన్ చివర్లో సెలవులు అయ్యాక అక్కడ ఒకటే టెన్షన్, ఈసారి ఎంతమంది అని. మేం ఉన్న ఆఖరు చలికాలంలో ఆ సంఖ్య పద్నాలుగుకు పడిపోయింది. ఐదు ఇళ్ళు పోయాయి, ఇంకా తిరిగి రాలేదు. పైవాళ్ళ నుంచి లెక్కలు పంపమని కాగితం వచ్చిందట.

మేం బయలుదేరే ముందు చివరిసారి చెప్పిపోదామని వెళ్ళాను. మా మనవరాలు కూడా వస్తానంటే తీసుకుపోయాను. ఐదేళ్ళు, క్యాంపస్ బళ్ళో యూకేజీ. పోగానే ఆ పిల్లలతో కలిసిపోయి జమ్మిచెట్టు కింద గులకరాళ్ళ ఆటకు కూర్చుంది. మాకు టీ వచ్చింది. ముసలాయన మనవరాలి పేరు అడిగాడు. చెప్పాను. రెండోసారి పలికించుకున్నాడు. పుట్టిన తేదీ అడిగాడు. ఏదో ముచ్చటకు అడుగుతున్నాడనుకుని అదీ చెప్పాను. అప్పుడు చూశాను, ఆ ఝున్‌ఝునూ కుర్రాడు, బదిలీ దరఖాస్తు పెట్టుకున్నవాడే, ఒళ్ళో హాజరు రిజిస్టరు తెరుచుకుని ఉన్నాడు. "రాసేయమంటారా సార్, పదిహేను అవుతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ పెన్ను మూత తీసి ఉంది.